నీళ్లు మానేశారు, టీ మాత్రం ఉంచుకున్నారు

రాజోలు దగ్గర ఒక పల్లె నుంచి 68 ఏళ్ల ఆవిడ రాసిన ఉత్తరం ఇది. తన పేరు వద్దన్నారు, ఊరి పేరూ వద్దన్నారు. భర్త పోయాక కొడుకూ కోడళ్ల దగ్గరే ఉంటున్నారు, కూతురు హైదరాబాద్‌లో ఉంది. షుగరు, బీపీ రెండూ ఉన్నాయి, మందులు మానకుండా వేసుకుంటారు. ఏడాదిన్నరగా మూత్రం ఆగడం లేదు. వస్తోందని తెలిశాక బాత్రూం గడియ తీసేలోపే చీర తడిసిపోతోంది. పంపు కింద బిందె నిండుతున్న చప్పుడు విన్నా, బజారు నుంచి వచ్చి ఇంటి గేటు మీద చెయ్యి వేసినా ఆ తొందర మొదలవుతుందట. గట్టిగా దగ్గితే కూడా కొంచెం పడుతుంది గానీ అది తక్కువ. రాత్రి మూడు నాలుగుసార్లు లేవాలి, బాత్రూమేమో పెరట్లో. కిందటి వానాకాలం చీకట్లో అక్కడే కాలు జారి మోకాలు వాచింది, ఎందుకు అంత హడావిడిగా వెళ్లారో ఇంట్లో చెప్పలేదు. తడిసిన లంగాలు, చీరలు తెల్లారకముందే బోరింగు దగ్గర ఉతికేసుకుని, ఎవరూ తిరగని వైపు కొబ్బరిచెట్ల మధ్య కట్టిన తీగ మీద ఆరేసుకుంటున్నారు.

దీనికి ఆవిడ ఎంచుకున్న దారి నీళ్లు మానేయడం. పొద్దున మాత్రలతో ఒక గ్లాసు, మధ్యాహ్నం భోజనంలో సగం గ్లాసు, అంతే. ఎక్కడికైనా వెళ్లాలంటే ముందురోజు రాత్రి నుంచే మానేస్తారు. కిందటి వేసవిలో మూత్రంలో మంట, చలిజ్వరం వచ్చి సెలైన్ పెట్టించుకోవాల్సి వచ్చింది. అది చూసి పక్కింటావిడ "వేడి చేసింది వదినా" అని చెప్పడంతో, అప్పటి నుంచి రోజూ సాయంత్రం దొడ్లో చెట్టుదే ఒక కొబ్బరి బొండాం తాగుతున్నారు. ఇప్పుడు వచ్చే నెల పాలకొల్లులో కోడలి పిన్నిగారి అమ్మాయి పెళ్లి. చించినాడ బ్రిడ్జి దాటేదాకా కూడా ఆగుతుందన్న నమ్మకం లేదు కాబట్టి మోకాళ్ల నొప్పుల పేరు చెప్పి మానేద్దామనుకుంటున్నారు. కోడలేమో, మా పుట్టింటి వైపు వాళ్లంటే అత్తయ్యగారికి గిట్టదు, అందుకే ఏ శుభకార్యానికీ రారు అని మొహం ముడుచుకుంటోంది. "ఇంకా నీళ్లు తగ్గించమంటారా? ఏం తాగాలి, ఏం తాగకూడదు? వయసు మీద పడింది కాబట్టి ఇలాగే సరిపెట్టుకోవాలా?" అని అడిగారు.

అక్కయ్యగారూ,

ముందు మీ చివరి ప్రశ్నకి జవాబు చెప్పేస్తాను. సరిపెట్టుకోనక్కర్లేదు. వయసుతో ఇది ఎక్కువమందికి వచ్చే మాట నిజమే, మూత్రసంచి పట్టు తగ్గుతుంది, అది చెప్పకుండా తనంతట తానే ముడుచుకోవడం మొదలుపెడుతుంది, మనం ఆపుకోగలిగే వ్యవధీ తగ్గుతుంది. కానీ ఎక్కువమందికి వచ్చేదంతా బాగుచేయలేనిది కాదు. నేను ఆసుపత్రిలో నర్సుగా చాలా ఏళ్లు పనిచేశాను. బీపీ గురించి, కీళ్ల గురించి అరగంట చెప్పిన పెద్దవాళ్లు ఈ ఒక్క మాట మాత్రం మంచం పక్కన దుప్పటి సర్దుతున్నప్పుడు, డాక్టరు గది దాటి వెళ్లిపోయాక, మాతో గొణిగేవాళ్లు. మీరు కాగితం మీద పెట్టారు, అదే పెద్ద పని.

రెండోది, మీరు రోజంతా ఏమేం తాగుతారో వరసగా రాసి పంపారు చూడండి, దాన్ని నేను రెండు మూడుసార్లు చదివాను. తెల్లవారుజామున లేవగానే పెద్ద స్టీలు గ్లాసుతో టీ. టిఫిన్ అయ్యాక కాఫీ. పదకొండింటికి పక్కింటావిడ వస్తే ఇద్దరికీ టీ. నాలుగింటికి మళ్లీ టీ. ఆరింటికి బొండాం. ఏడున్నరకి అబ్బాయి కొబ్బరి డిపో నుంచి వచ్చాక అతనితో కూర్చుని ఇంకో టీ. రాత్రి భోజనంలో చారు, మజ్జిగ. పడుకునే ముందు మాత్రతో పాటు గ్లాసుడు పాలు. దీని కింద మీరే "నీళ్లు మాత్రం దాదాపు తాగను" అని రాశారు.

అంటే మీరు మానేసింది మూత్రసంచికి అన్నిటికన్నా తక్కువ ఇబ్బంది పెట్టేదాన్ని. ఉంచుకున్నవాటిలో టీ, కాఫీలు దాన్ని రేపేవి, పైగా రోజంతా తాగేవాటిలో చాలా వరకు సాయంత్రం నాలుగు నుంచే. ఇది మీ ఒక్కరి పద్ధతి కాదు, నీళ్లంటే గ్లాసులో కనిపించే నీళ్లేననీ, టీ అంటే పలకరింపు అనీ మన ఇళ్లలో అందరికీ ఉండే లెక్కే.

నీళ్లు తగ్గిస్తే మూత్రం తగ్గుతుంది కదా అనిపిస్తుంది. పరిమాణం తగ్గుతుంది, నిజమే. కానీ ఆ కొంచెం మూత్రం చిక్కబడి, ముదురు పసుపు రంగులోకి మారి, సంచి లోపలి పొరని చికాకు పెడుతుంది, దాంతో కొంచెం చేరగానే వెళ్లాలనిపిస్తుంది. ఒంట్లో నీళ్లు చాలకపోతే మలబద్ధకం వస్తుంది, నిండిన పేగు పక్కనే ఉన్న మూత్రసంచిని నొక్కుతుంది, అదొక కారణం తోడవుతుంది. మూత్రం నిలవ ఉండి సరిగ్గా కడిగినట్టు బయటికి పోకపోతే ఇన్ఫెక్షన్ పట్టుకునే అవకాశం పెరుగుతుంది, షుగరున్నవాళ్లకి మరీను. కిందటి వేసవిలో మీకొచ్చిన మంట, చలిజ్వరం ఈ దారిలోనే వచ్చి ఉండొచ్చు. మన కోనసీమ ఎండలు ఎంత ఉక్కపోతో మీకు చెప్పాలా, మధ్యాహ్నం ఊరికే కూర్చున్నా జాకెట్టు తడిసిపోతుంది. ఆ చెమటకి పోయే నీళ్లు కూడా మీరు పూడ్చడం లేదు. నీళ్లు చాలక పెద్దవాళ్లు కళ్లు తిరిగి పడిపోవడం నేను చాలా చూశాను. కాబట్టి ఇంకా తగ్గించమంటారా అంటే, తగ్గించొద్దు, పెంచండి, కాకపోతే వేళ మార్చండి.

ఇక టీ కాఫీల సంగతి. వాటిలో ఉండే కెఫీన్ రెండు పనులు చేస్తుంది. మూత్రం కొంచెం ఎక్కువ తయారయ్యేలా చేస్తుంది, అంతకన్నా ముఖ్యంగా మూత్రసంచి కండరాన్ని ఉసిగొల్పుతుంది, నిండకముందే ముడుచుకోమంటుంది. మీకున్నట్టు హఠాత్తుగా తొందరొచ్చి ఆగకపోయే వాళ్లకి ఈ రెండోదే అసలు బాధ. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల లెక్క ప్రకారం 150 మిల్లీలీటర్ల టీలో 30 నుంచి 65 మిల్లీగ్రాముల దాకా, అంతే ఫిల్టర్ కాఫీలో 80 నుంచి 120 దాకా కెఫీన్ ఉంటుంది. రోజుకి మొత్తం 300 మించొద్దంటారు, అది ఏ ఇబ్బందీ లేనివాళ్లకి. మీ పెద్ద గ్లాసుల లెక్కన మీరు ఆ గీత దగ్గరో, దాటేసో ఉంటారు. పైగా తాగిన కెఫీన్‌లో సగం ఒంట్లోంచి పోవడానికే దాదాపు ఐదు గంటలు పడుతుంది, అంటే ఏడున్నర టీ అర్ధరాత్రి దాటాక కూడా పనిచేస్తూనే ఉంటుంది, నిద్ర పలచబడుతుంది, పలచటి నిద్రలో కొంచెం మూత్రం చేరినా మెలకువ వచ్చేస్తుంది.

అయితే టీ మానితే అందరికీ ఒకేలా గుణం కనిపించదు, కొందరికి వారంలో తేడా తెలుస్తుంది, కొందరికి అంతగా తెలియదు. అందుకే నేను మానేయండి అనను. మీ ముందు మూడు దారులున్నాయి. ఒకేసారి అన్నీ ఆపేయొచ్చు, త్వరగా తేలిపోతుంది గానీ ఇన్నేళ్ల అలవాటు కాబట్టి రెండో రోజు నుంచి తలనొప్పి, చికాకు, నిస్సత్తువ రావచ్చు, చాలామంది అక్కడే వదిలేసి మళ్లీ మొదటికొస్తారు. లేదంటే సాయంత్రానివి ముందు తీసేసి, పొద్దున్న టీ, టిఫిన్ కాఫీ అలాగే ఉంచుకోవచ్చు, దీంతో పగలు తొందర అంతగా తగ్గకపోవచ్చు గానీ రాత్రి మెలకువలు తగ్గే అవకాశం బాగా ఉంది. లేదూ, ప్రతి గ్లాసునీ సగం చేసి, టీపొడి తగ్గించి పలచగా పెట్టుకోవచ్చు, ఎవరికీ తేడా తెలియదు, ఫలితం నెమ్మదిగా వస్తుంది. నన్నడిగితే రెండోది మొదలుపెట్టి, రెండు వారాలు చూసి, అప్పుడు పదకొండింటి టీ సంగతి ఆలోచించమంటాను. కానీ మీ ఒళ్లు మీది, ఏది నిలబెట్టుకోగలరో మీకే తెలుస్తుంది.

ఏడున్నర టీ గురించి విడిగా చెప్పాలి. మీరు రాసిన దాన్ని బట్టి రోజంతటిలో అబ్బాయి మీ పక్కన స్థిమితంగా కూర్చునేది ఆ పావుగంటే. అది పోతే మీకు దిగులు. ఆ కూర్చోవడం మానొద్దు, గ్లాసులో ఉన్నది మార్చండి, చిన్న గ్లాసుతో జీలకర్ర నీళ్లో, శొంఠి వేసిన పాలో, సగం వరకే. అబ్బాయి అడిగితే రాత్రి నిద్ర పట్టడం లేదని చెప్పండి, అది అబద్ధం కూడా కాదు.

కొబ్బరి బొండాం చెడ్డది కాదు, ఆ వేళ చెడ్డది. ఆరింటికి తాగిన బొండాం నీళ్లు రాత్రి పదికి, పన్నెండుకి మిమ్మల్ని లేపుతాయి. పదకొండింటికి టీ బదులు అది తాగితే ఆ బెడద ఉండదు. కాకపోతే ఇంకో మాట. మీరు మాత్రల పేర్లు రాసి మంచి పని చేశారు, అందులో టెల్మిసార్టాన్ అనే బీపీ మాత్ర ఉంది. ఆ మాత్ర ఒంట్లో పొటాషియం నిలిచేలా చేస్తుంది, కొబ్బరి నీళ్లలో పొటాషియం చాలా ఎక్కువ. కిడ్నీలు బాగా ఉంటే అప్పుడప్పుడూ ఒకటి తాగితే ఏమీ కాదు, కానీ షుగరు, బీపీ ఇన్నేళ్లుగా ఉన్నవాళ్లు కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్ష, పొటాషియం పరీక్ష చేయించుకోకుండా రోజూ బొండాం తాగడం మంచిది కాదు. ఆ రిపోర్టు వచ్చేదాకా రోజూ వద్దు. చెట్టు మనదే అయినా.

వేడి చేసిందన్న మాట కొట్టిపారేయను, మంటగా ఉన్నప్పుడు నీళ్లు తాగించాలన్న ఉద్దేశం అందులో ఉంది. కానీ మంటతో పాటు చలిజ్వరం వస్తే అది ఇన్ఫెక్షన్, బొండాలతో, బార్లీ నీళ్లతో తగ్గేది కాదు, మూత్రం పరీక్ష చేయించాల్సిందే. బార్లీ నీళ్లూ అంతే, పగలు తాగితే తప్పు లేదు, రాత్రి తాగితే నిద్ర పోతుంది.

మజ్జిగ మధ్యాహ్నం హాయిగా తాగండి, ఉప్పు చాలా తక్కువేసుకుని. ఉప్పు ఎక్కువైతే దాహం ఎక్కువ, బీపీకి చేటు, దానికి తోడు పగలు తిన్న ఉప్పుని కిడ్నీలు రాత్రి నీళ్లతో కలిపి బయటికి పంపిస్తాయి. ఆవకాయ, ఎండుచేపలు, ఊరమిరపకాయలు రాత్రి పూట తినే ఇళ్లలో పెద్దవాళ్లు ఎక్కువసార్లు లేవడానికి ఇదొక కారణం. రాత్రి చారు, మజ్జిగ అన్నం, పాలు, ఇవన్నీ నీళ్ల కిందే లెక్క. మొత్తం మానక్కర్లేదు, చారు మధ్యాహ్నానికి మార్చి, రాత్రి గట్టి పెరుగన్నం తిని, పాలు ఏడున్నరకే తాగేసి, మాత్రకి రెండు గుక్కల నీళ్లు చాలు. వేసవిలో పుచ్చకాయ, తాటిముంజలు కూడా ఎండ ఉండగానే తినేయండి. గోలీసోడాలు, కూల్‌డ్రింకులు మీకు షుగరుంది కాబట్టి ఎలాగూ వద్దు, పంచదార లేని రకం అని తెచ్చిస్తారు చూడండి, గ్యాసున్న ఆ డ్రింకులు కూడా కొందరికి మూత్రసంచిని రేపుతాయి, కోలాల్లో కెఫీన్ కూడా ఉంటుంది. నిమ్మరసం అందరికీ పడనిది కాదు, ఒక నాలుగు రోజులు తాగి, నాలుగు రోజులు ఆపి మీరే చూసుకోండి.

మరి నీళ్లు ఎంత? గుండెకి, కిడ్నీకి సంబంధించి డాక్టరు ఇంతకన్నా తాగొద్దని హద్దు పెట్టి ఉండకపోతే, అన్నీ కలిపి రోజుకి లీటరున్నర నుంచి రెండు లీటర్ల దాకా, ఎండాకాలం ఇంకొంచెం. ఒకేసారి చెంబెడు గటగటా తాగితే అరగంటలో పరుగే, గంటకో అర గ్లాసు చొప్పున తాగండి, సాయంత్రం ఐదున్నరకల్లా చాలా వరకు అయిపోవాలి. ఆ తర్వాత నోరు తడుపుకోవడానికి గుక్కెడు. మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే సరిపోతున్నట్టు. మొదటి వారం ఎక్కువసార్లు వెళ్లాల్సి వస్తుంది, దానికి భయపడి మళ్లీ ఆపేయకండి, చిక్కటి మూత్రానికి అలవాటుపడిన సంచి సర్దుకోవడానికి కొంచెం టైం పడుతుంది.

ఇప్పటిదాకా తాగేవాటి గురించే చెప్పాను, ఎందుకంటే మీ చేతిలో ఈరోజే ఉన్నవి అవి. కానీ మీ ఉత్తరంలో తాగుడుతో సంబంధం లేనివి ఇంకో రెండు మూడు కనిపించాయి, వాటిని వదిలేసి టీ మీదే పడితే మీకు అన్యాయం చేసినట్టే.

సాయంత్రానికి పాదాలు ఉబ్బుతాయనీ, చెప్పు పట్టీ అచ్చు పడుతుందనీ రాశారు. పగలంతా కాళ్లలోకి దిగిన ఆ నీరు మీరు పడుకోగానే మళ్లీ రక్తంలో కలిసి, కిడ్నీల మీదుగా మూత్రమై వస్తుంది. అందుకే సాయంత్రం ఏమీ తాగకపోయినా రాత్రి లేవాల్సి రావచ్చు. మధ్యాహ్నం మూడు నాలుగింటికి గంటసేపు కాళ్ల కింద రెండు దిండ్లు పెట్టుకుని పడుకుంటే ఆ నీరు పగలే బయటికి పోతుంది. మీ రెండో బీపీ మాత్ర ఆమ్లోడిపిన్, దానివల్ల కొందరికి పాదాల వాపు వస్తుంది. డాక్టరుకి చూపిస్తే మార్చొచ్చు, మోతాదు తగ్గించొచ్చు, లేదా వాపుకి గుండె, కిడ్నీ కారణం ఉందేమో చూస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు, బీపీ పెరిగితే దానివల్ల వచ్చే నష్టం దీనికన్నా పెద్దది.

షుగరు మాత్రల్లో ఒకటి ఆరు నెలల కిందట మార్చారన్నారు, దాని పేరు డాపాగ్లిఫ్లోజిన్ అని రాశారు. ఈ మాత్ర పనిచేసే పద్ధతే చక్కెరని మూత్రంలోకి పంపేయడం, చక్కెర వెంట నీళ్లూ పోతాయి, మూత్రం ఎక్కువవుతుంది, కొందరికి అక్కడ దురద, ఇన్ఫెక్షన్ కూడా వస్తాయి. గుండెకి, కిడ్నీకి మేలు చేసే మంచి మందే అది. ఏడాదిన్నరగా ఉన్న ఇబ్బంది ఈ ఆరు నెలల్లో ముదిరిందా అని ఒకసారి గుర్తు చేసుకోండి, ముదిరితే ఆ సంగతి డాక్టరుకి తెలియాలి. ఈ మాత్ర వేసుకుంటూ నీళ్లు మానేయడం మరీ ప్రమాదం, అది కూడా గుర్తుంచుకోండి. మాత్ర మార్చకుండానే షుగరు ఎక్కువగా ఉన్నా ఇదే జరుగుతుంది, మూడు నెలల సగటు పరీక్ష ఎప్పుడు చేయించారో మీరు రాయలేదు.

మన కాలువల మీద లాకులు చూస్తుంటారు కదా. తలుపు వదులైతే నీళ్లు కారడం ఒక రకం, తలుపు బాగానే ఉన్నా వెనక నీళ్లు ఒక్కసారిగా తోసుకురావడం ఇంకో రకం. దగ్గితే పడేది మొదటిది, పంపు చప్పుడుకి తొందర వచ్చేది రెండోది. మీకు రెండోది ఎక్కువ, మొదటిది కొంచెం, రెండూ కలిసి ఉండటం మీ వయసు ఆడవాళ్లలో మామూలే. టీ తగ్గించడం రెండోదానికి పనికొస్తుంది. మొదటిదానికి కింది కండరాలని గట్టిపరచాలి, అది రెండోదానికీ సాయం చేస్తుంది. నలుగురిలో ఉన్నప్పుడు గ్యాసు పోకుండా బిగపట్టే కండరం ఉంటుందే, అదే. పొట్ట, తొడలు బిగించకుండా, ఊపిరి ఆపకుండా దాన్ని లోపలికి పైకి లాగినట్టు బిగించి ఐదు లెక్కపెట్టి వదలండి, అలవాటయ్యాక పది. పూటకి పదిసార్లు, రోజుకి మూడు పూటలు. బియ్యం ఏరుతూ చేసుకోవచ్చు, సీరియల్ చూస్తూ చేసుకోవచ్చు, ఎవరికీ తెలియదు. గుణం కనిపించడానికి మూడు నెలలు పడుతుంది, రెండో వారంలో విసిగిపోకండి.

తొందర వచ్చినప్పుడు పరుగెత్తడం మాత్రం మానండి. పరుగులో చీర తడుస్తుంది, కాలూ జారుతుంది. ఉన్నచోటే ఆగి, కుర్చీ ఉంటే కూర్చుని, ఆ కండరాన్ని గబగబా నాలుగైదుసార్లు బిగించి వదిలి, ఇంకేదైనా మీద మనసు పెట్టండి. ఆ తొందర కెరటంలా వచ్చి తగ్గుతుంది, తగ్గాక మామూలుగా నడిచి వెళ్లండి. మొదట్లో కొన్నిసార్లు తప్పుతుంది, తప్పినా నష్టం లేదు, తడిసేది ఎలాగూ తడుస్తోంది. ఎందుకైనా మంచిదని అరగంటకోసారి వెళ్లే అలవాటు కూడా ఉంటే నెమ్మదిగా పది నిమిషాలు, పావుగంట చొప్పున పొడిగించండి, లేకపోతే మూత్రసంచి కొంచెం చేరగానే పిలవడం నేర్చుకుంటుంది.

రాత్రి పెరట్లోకి వెళ్లడం గురించి ఎంత చెప్పినా తక్కువే. మీ వయసులో తుంటి ఎముక విరిగితే మంచాన పడటమే, మూత్రం సంగతి దాని ముందు ఎంత. సర్జికల్ షాపుల్లో కమోడ్ కుర్చీ దొరుకుతుంది, రాత్రి మంచం పక్కన పెట్టుకుని పొద్దున కడిగేసుకోవచ్చు. అది ఇష్టం లేకపోతే కనీసం తలుపు నుంచి బాత్రూం దాకా రాత్రంతా వెలిగే లైటు, గోడకి పట్టుకోవడానికి కమ్మీ, పాచి పట్టకుండా గరుకు బండలు. ఈ మూడిట్లో ఏది చేయాలన్నా ఇంట్లో చెప్పక తప్పదు.

ఇక్కడికి వచ్చాం కాబట్టి కోడలి విషయం. మీరు చెప్పకుండా ఉండిపోవచ్చు, పరువు దక్కుతుంది అనుకుంటారు, కానీ ఆ అమ్మాయి మనసులో మీరు ఆమె పుట్టింటివాళ్లని చులకన చేసే అత్తగారిగా మిగిలిపోతారు, అది మీరు కానిది. కూతురికి ఫోన్‌లో చెప్పి, ఆమెతో వదినకి చెప్పించవచ్చు, మీకు సిగ్గు తగ్గుతుంది గానీ ఇంట్లో ఉన్న నాకు చెప్పకుండా హైదరాబాద్‌కి చెప్పారా అని కోడలికి అనిపించొచ్చు. నేరుగా కోడలికే చెబితే మొదటి రోజు మీకు తల ఎత్తుకోవడం కష్టంగా ఉంటుంది, ఆమె అబ్బాయికి చెప్పేస్తుందేమో కూడా, చెప్పనీయండి, లైటు పెట్టించాల్సింది అతనే. నాకు ఈ మూడోదే నచ్చుతుంది. చెప్పడానికి పెద్ద మాటలు అక్కర్లేదు. "అమ్మాయ్, పెళ్లికి రావాలనే ఉంది, నాకు మూత్రం ఆగట్లేదు, దార్లో ఏమవుతుందోనని భయం" అంటే చాలు. పిల్లల్ని కన్న ఆడది, ఆమెకి ఇది కొత్త విషయం కాకపోవచ్చు. పైగా చీకట్లో బోరింగు చప్పుడు మీరు అనుకున్నంత రహస్యం కాదనుకుంటాను.

పెళ్లికి వెళ్లకపోతే ఈసారికి భయం తప్పుతుంది, వచ్చేసారి ఇంకా పెద్దదై వస్తుంది. వెళ్తే ఎలాగో చెబుతాను. ముందురోజు నీళ్లు మామూలుగానే తాగండి. ఆ పొద్దున టీ లేకుండా, బయల్దేరడానికి రెండు గంటల ముందు గ్లాసు నీళ్లు, టిఫిన్, బయల్దేరే ముందు బాత్రూం. మెడికల్ షాపులో పెద్దవాళ్ల ప్యాడ్లు అడగండి, బహిష్టు ప్యాడ్లు వద్దు, అవి మూత్రాన్ని అంతగా పీల్చవు. ఇంట్లో ఒక పూట పెట్టుకుని నడిచి, కూర్చుని చూసుకోండి, అప్పుడు ధైర్యం వస్తుంది. సంచిలో రెండు ప్యాడ్లు, ఒక లంగా, ఒక కవరు. తడిసినది ఎక్కువసేపు ఉంచుకుంటే చర్మం ఒరుస్తుంది, షుగరున్న ఒళ్లు కదా, మూడు నాలుగు గంటలకి మార్చేయండి. సొంత కారో, ఆటోనో అయితే ఎక్కడ కావాలంటే అక్కడ ఆపించుకోవచ్చు, డబ్బు ఎక్కువ. బస్సయితే చవక, కానీ ఆపమనడానికి మొహమాటం. సఖినేటిపల్లి వైపు నుంచి పంటు ఎక్కి నర్సాపురం మీదుగా వెళ్లే ఆలోచన ఉంటే ఈసారికి వద్దు, రేవులో నిలబడటం, నది మధ్యలో దిగడానికి లేకపోవడం మీకు టెన్షన్, టెన్షన్‌తో తొందర ఎక్కువవుతుంది. మండపానికి వెళ్లగానే బాత్రూం ఎక్కడుందో కోడల్ని చూసి రమ్మనండి, దానికి దగ్గరగా, బయటికి వెళ్లే దారి పక్కన కుర్చీ పట్టుకోండి. పెళ్లివారు ట్రేలో తెచ్చే కాఫీ మాత్రం చేత్తో వద్దనేయండి, నీళ్లు తాగండి.

డాక్టరు దగ్గరికి వెళ్లడం పెళ్లి అయ్యాక అనుకోవద్దు, మూడు రోజులు లెక్క రాసుకుని ఈ వారంలోనే వెళ్లండి. పాత క్యాలెండర్ కాగితం వెనక అయినా సరే, ఎన్నింటికి ఏం తాగారు, ఎన్నింటికి వెళ్లారు, ఎప్పుడు తడిసింది. కొలతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి కొనుక్కుని రాత్రి పడుకున్నప్పటి నుంచి తెల్లవారి మొదటిసారి దాకా ఎంత వచ్చిందో, రోజు మొత్తంలో ఎంత వచ్చిందో రాయండి. మొత్తంలో మూడో వంతు కన్నా ఎక్కువ రాత్రే వస్తుంటే రాత్రి లేవడానికి అసలు కారణం మూత్రసంచిలో కాక, కాళ్ల వాపులోనో, మందుల్లోనో, ఉప్పులోనో ఉండొచ్చు, దాని వైద్యమే వేరు. ముందు మూత్రం పరీక్ష, షుగరు పరీక్ష చేయిస్తారు, అవి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో కూడా అవుతాయి. మూత్రం పోశాక లోపల ఎంత మిగిలిందో స్కాన్‌లో చూడమని మీరే అడగండి, షుగరు వల్ల నరాలు మొద్దుబారి సంచి పూర్తిగా ఖాళీ కాక, పైనుంచి పొర్లినట్టు కారేవాళ్లూ ఉంటారు, వాళ్లకి ఇచ్చే వైద్యం పూర్తిగా వేరు. గర్భసంచి కిందికి జారిందేమో, బహిష్టు ఆగాక అక్కడ పొర ఎండిపోయిందేమో చూడటానికి లేడీ డాక్టరు దగ్గరికి వెళ్లినా మంచిదే, రెండిటికీ మందులు, పద్ధతులు ఉన్నాయి. తొందర తగ్గడానికి మాత్రలు కూడా ఇస్తారు, కానీ వాటిలో కొన్ని నోరు ఎండగొడతాయి, మలబద్ధకం చేస్తాయి, పెద్దవయసులో మతిమరుపు, తికమక తెస్తాయి, ఇంకో రకం వాడితే బీపీ చూసుకుంటూ ఉండాలి. కాబట్టి మాత్ర రాస్తే ఇది ఏ రకమండీ అని అడగడానికి మొహమాటపడకండి.

మూత్రంలో రక్తం కనిపించినా, చలిజ్వరంతో మంట వచ్చినా, అసలు మూత్రమే రాక పొట్ట ఉబ్బినా, కాళ్లు మొద్దుబారి నడక తడబడినా మాత్రం లెక్కలు రాస్తూ కూర్చోవద్దు, ఆ రోజే వెళ్లిపోండి.

మాత్రల స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకుని, కోడల్ని వెంటబెట్టుకుని వెళ్లండి. డాక్టరు గారు బీపీ చూస్తుండగానే, ఇంకేమైనా ఉందా అని ఆయన అడిగేదాకా ఆగకుండా, మొదటి మాటగా ఇది చెప్పండి: "మూత్రం ఆగడం లేదండీ, ఏడాదిన్నరగా, మూడు రోజుల లెక్క రాసి తెచ్చాను."